ఎంత లోడు గుంజిందో అడగండి

పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం మా వీధి చివర ఉండే ఒకావిడ మా ఇంటికి వచ్చింది. మాది హైదరాబాద్‌లో మౌలాలి హౌసింగ్ బోర్డు కాలనీ. వాళ్లాయన ఆటో నడుపుతాడు. కొడుకు ఒక చిన్న ప్రైవేటు బడిలో ఏడో తరగతి పూర్తి చేశాడు. ఎనిమిదికి ఫీజు కట్టడం ఇక వాళ్ల వల్ల కాదు. గుమ్మంలోనే నిలబడి అడిగింది. "అక్కా, సర్కారు బళ్లె ఏద్దామనుకుంటున్నం. ఈ చుట్టుపక్కల నాలుగైదు హైస్కూళ్లు ఉన్నయంట. ఏది మంచిదో నువ్వే చెప్పు."

నేను ఫోన్ తీశాను. పదో తరగతి ఫలితాల్లో ఏ బడికి ఎంత శాతం వచ్చిందో చూసి, అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన బడి పేరు చెప్పాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె చాలా సంతోషంగా వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వంకాయలు కొనేటప్పుడు తొడిమ చూస్తాను, పుచ్చు ఉందేమోనని తిప్పి చూస్తాను. ఒక పిల్లవాడి మూడేళ్ల చదువు గురించి అడిగితే ఆ పాటి చూపు కూడా పెట్టలేదు. మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి, "నిన్న చెప్పింది వదిలెయ్యి చెల్లె. బడులు తెరిచాక మనిద్దరం పోయి చూసొద్దాం" అన్నాను.

పోల్చి చూడటం తప్పని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. పోల్చకుండా దేన్నీ ఎంచుకోలేం. మనకు రానిది పోల్చే పద్ధతి. చివర ఎంత అంకె వచ్చిందో చూస్తాం. ఎక్కడ మొదలై అక్కడికి వచ్చిందో అడగం. బడిని చూసినప్పుడు చేసే ఈ పొరపాటే పిల్లవాడిని చూసినప్పుడూ చేస్తాం, అద్దంలో మనల్ని చూసుకున్నప్పుడూ చేస్తాం. నా బాధ అంతా ఇక్కడే.

మన తెలంగాణలోనే కళ్ల ముందున్న ఉదాహరణ ఒకటి చెబుతాను. 2016 అక్టోబరు 11న, దసరా రోజున, కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. పాత రంగారెడ్డి జిల్లాలోంచి మన మేడ్చల్-మల్కాజిగిరి వచ్చింది, వికారాబాద్ కూడా అందులోంచే వచ్చింది. అంటే ఇద్దరం నిన్నటిదాకా ఒకే ఇంటివాళ్లం. ఏటా పదో తరగతి ఫలితాలు రాగానే పత్రికలు జిల్లాల వరస వేస్తాయి. 2023లో వికారాబాద్ ఆఖరు. 2024లో ఆఖరు. 2025లోనూ ఆఖరే. మూడేళ్లూ 33 జిల్లాల్లో 33వ స్థానం. చదివినవాళ్లు "అక్కడ చదువే లేదు" అనుకుని పేజీ తిప్పేస్తారు.

ఇప్పుడు అవే మూడేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టండి. వికారాబాద్ ఉత్తీర్ణత 2023లో 59.46 శాతం, 2024లో 65.10, 2025లో 73.97. రెండేళ్లలో పధ్నాలుగున్నర శాతం పైకి వచ్చింది. అదే కాలంలో రాష్ట్రం మొత్తం 86.60 నుంచి 92.78కి వెళ్లింది, అంటే ఆరు శాతం చిల్లర. ఆఖరి స్థానంలో ఉందని అందరూ చెప్పుకున్న జిల్లా రాష్ట్రం పెరిగిన దానికి రెండింతలకు పైగా పెరిగింది. నిర్మల్ 2023లో 99 శాతంతో మొదటి స్థానం, 2024లో 99.05తో మళ్లీ మొదటి స్థానం. వాళ్లది గొప్ప ఫలితమే, సందేహం లేదు. కానీ ఆ రెండేళ్లు ఎవరు ఎక్కువ చెమటోడ్చారని అడిగితే జవాబు ఆ వరసలో కనిపించదు. వికారాబాద్‌లో సాయంత్రం స్పెషల్ క్లాసులు చెప్పిన టీచర్లకు, పుస్తకం ముందు కూర్చున్న పిల్లలకు ఆ 33 అనే అంకె ఒక్కటే మిగిలింది. నాకు అది అన్యాయంగా తోస్తుంది.

ఈ సంగతి మా పక్కింటి పెద్దాయనకు చెబితే ఆయన వెంటనే పట్టుకున్నారు. ఆయన గూడ్సు బండ్లు నడిపి రిటైరైన లోకో పైలట్. మౌలాలి అంటే బయటివాళ్లకు గుట్ట గుర్తొస్తుంది కానీ ఇక్కడ ఉండేవాళ్లకు రైలే గుర్తొస్తుంది. డీజిల్ లోకో షెడ్డు, యార్డు, రైల్వేవాళ్ల శిక్షణ సంస్థ అన్నీ ఇక్కడివే. ఆయన అన్నమాట ఇది. "ఖాళీ వ్యాగన్లు గుంజుకొచ్చిన ఇంజనూ, బొగ్గు లోడు గుంజుకొచ్చిన ఇంజనూ ఒక్క టైముకే యార్డుల కొచ్చినయనుకో బిడ్డా. రెండూ ఒకటేనా? మేము ముందుగాల అడిగేది లోడెంత, ఎక్కుడెంత అని. టైము తర్వాత."

ఆయన చెప్పిన లెక్కనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో షాన్ రియర్డన్ అనే ఆచార్యుడు అమెరికా ప్రభుత్వ బడుల మీద వేశాడు. షికాగో ప్రభుత్వ బడులకు చాలాకాలం చెడ్డపేరు. సగటు మార్కులు తక్కువ, ఎక్కువమంది పేదపిల్లలు. 2017లో ఆయన బయటపెట్టిన విశ్లేషణలో తేలిందేమిటంటే, అక్కడి పిల్లలు మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతికి వచ్చే ఐదేళ్లలో దాదాపు ఆరేళ్ల చదువు నేర్చుకుంటున్నారు. వాళ్లు వెనక మొదలయ్యారు కాబట్టి చివర కూడా ఇంకా వెనకే కనిపించారు. బడి మాత్రం తన పని చాలా చోట్లకన్నా బాగా చేస్తోంది. చేరే అంకె చూస్తే చెడ్డబడి, లాగిన లోడు చూస్తే గొప్పబడి.

కాబట్టి మొదటి సలహా. బడికి వెళ్లి "మీ పర్సెంటేజీ ఎంత" అని అడగకండి. లేదా అడగండి, కానీ అక్కడ ఆగిపోకండి. లెక్క అర్థమయ్యేందుకు నేను రెండు బడులు ఊహించి చెబుతాను. మొదటి బడిలో పదో తరగతి రాసినవాళ్లు 24 మంది, అందరూ పాస్. నూటికి నూరు శాతం, గేటు మీద పెద్ద ఫ్లెక్సీ. రెండో బడిలో 130 మంది రాశారు, 118 మంది పాసయ్యారు. 91 శాతానికి కొంచెం తక్కువ. ఫ్లెక్సీ లేదు. ఇప్పుడు ఇంకో ప్రశ్న అడగండి. రెండేళ్ల కిందట ఈ బ్యాచ్ ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఎంతమంది? మొదటి బడిలో 41 అని, రెండో బడిలో 133 అని తేలిందనుకోండి. మొదటి బడిలో 17 మంది పిల్లలు మధ్యలో ఎటు పోయారు? టీసీ తీసుకుని వెళ్లారా, చదువు మానేశారా, రాదనుకున్నవాళ్లను ఎవరైనా పంపించేశారా? రెండో బడి తన పిల్లల్లో ముగ్గురిని తప్ప ఎవరినీ పోగొట్టుకోలేదు. మీ పిల్లవాడు సగటు విద్యార్థి అయితే అతను ఏ బడిలో చివరిదాకా ఉంటాడో ఈ ప్రశ్నే చెబుతుంది.

ఏరుకుని చేర్చుకునే బడులను ఏరుకోని బడులతో పోల్చడం కూడా మానుకోండి. ప్రవేశపరీక్ష పెట్టి తీసుకునే గురుకులాలు, మోడల్ స్కూళ్లు మంచివే. 1971లో పి.వి. నరసింహారావు గారి చొరవతో సర్వేలులో మొదలైన గురుకులం ఎంతమంది పేదపిల్లలను పైకి తెచ్చిందో తెలుగునాట అందరికీ తెలుసు. సీటు వస్తే తప్పకుండా పంపండి. కానీ ఏరి తెచ్చిన విత్తనాల పంటను, గేటు దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లనూ లోపలికి తీసుకున్న జడ్పీ హైస్కూలు పంటను ఒకే త్రాసులో వెయ్యకూడదు.

ఇంట్లో కూర్చునే తెలుసుకోగలిగింది కూడా కొంత ఉంది. దేశంలో ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. యూడైస్ ప్లస్ పోర్టల్లో బడి పేరుతోనో కోడ్‌తోనో వెతికితే ఆ బడి రిపోర్టు కార్డు వస్తుంది. ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు, ఎన్ని గదులు, మరుగుదొడ్లు, లైబ్రరీ ఉందా అన్నవి అందులో ఉంటాయి. పైసా ఖర్చు లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలి. ఆ భాగహారం మీరే చెయ్యండి. మేం ఆ పిల్లవాడి చేతే చేయించాం. తను చేరబోయే బడి గురించి తనే లెక్క వేసుకున్నప్పుడు వాడి ముఖంలో వచ్చిన పెద్దరికం చూడాలి. అయితే కాగితం మీద ఉన్న గది తాళం వేసి ఉందో తీసి ఉందో పోర్టల్ చెప్పదు. అందుకే కాలు కదపాలి.

జూన్ 12న బడులు తెరుచుకున్నాయి. వారం ఆగి, మేమిద్దరం, ఆ పిల్లవాడు మూడు హైస్కూళ్లకు వెళ్లాం. పేర్లు చెప్పను. ఒక పూట చూసి ఒక బడి మీద ముద్ర వెయ్యడం సరికాదు, పైగా వచ్చే ఏడాదికి అవి మారిపోవచ్చు. మూడింటి బోర్డు మీదా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అనే ఉంది. 2007లో మల్కాజిగిరి, కాప్రా మున్సిపాలిటీలు గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయాయి, అయినా బడుల పేర్లలో పాత జిల్లా పరిషత్తు అలాగే నిలిచిపోయింది. నాకు ఆ పేరంటే ఇష్టం. ఈ ప్రాంతం ఊరుగా ఉన్నప్పుడు ఊరివాళ్లు అడిగి తెచ్చుకున్న బడులు అవి.

మొదటి బడి కొత్త రంగులతో మెరిసిపోతోంది. 2022 మార్చిలో మొదలైన మన ఊరు-మన బడి కార్యక్రమంలో, నగరంలో దాన్నే మన బస్తీ-మన బడి అన్నారు, రాష్ట్రమంతటా 26,065 బడులను మూడు విడతల్లో 7,289 కోట్లతో బాగు చెయ్యాలని నిర్ణయించారు. రంగులు, బెంచీలు, నీళ్లు, మరుగుదొడ్లు అన్నీ అవసరమే. ముఖ్యంగా ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు లోపలి గడియ ఉందో లేదో దగ్గరికి వెళ్లి చూడండి. ఆ గడియ లేకపోతే నీళ్లు తాగకుండా సాయంత్రం దాకా కూర్చునే పిల్లలు ఉంటారు, ఆ పిల్లలకు ఏ పాఠమూ ఎక్కదు. ఇంతవరకూ చెప్పాక ఇంకో మాట. గోడ రంగు చూసి బడిని ప్రేమించకండి. ఆ బడిలో లెక్కల స్కూల్ అసిస్టెంట్ పోస్టు ఖాళీగా ఉంది, వేరే బడి నుంచి ఒకాయన డిప్యుటేషన్ మీద వారానికి కొన్ని రోజులు వస్తున్నారు. ఆయన తప్పు కాదు. రాష్ట్రంలో 2017 నాటి టీచర్ల నియామక పరీక్ష (టీఆర్‌టీ) తర్వాత మళ్లీ పెద్ద ఎత్తున నియామకాలు 2024 డీఎస్సీలో 11,062 పోస్టులతోనే జరిగాయి. మధ్యలో అన్నేళ్లు రిటైరైనవాళ్ల కుర్చీలు అలాగే ఉండిపోయాయి. అందుకే బడిలో అడగాల్సిన సూటి ప్రశ్న ఇది: "లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు సార్లు ఇక్కడివాళ్లేనా? ఎప్పటి నుంచి ఉన్నారు?"

రెండో బడి పాతది. పెచ్చులూడిన గోడలు. హెడ్మాస్టర్ గదిలో గోడకు తగిలించిన నల్లబల్ల మీద తరగతివారీగా రోలు, ఆ రోజు హాజరు సుద్దతో రాసి ఉన్నాయి. తారీఖు ఆ రోజుదే. చిన్న విషయంలా ఉంటుంది, కాదు. నిన్నటి తారీఖు ఉంటే ఆ బడిలో నిన్నటి నుంచి ఎవరూ పిల్లలను లెక్కపెట్టలేదన్నమాట. నేను లెక్కల టీచరమ్మను అడిగాను, "మేడమ్, పిల్లల నోట్సులు రెండు మూడు చూడొచ్చా?" ఆమె ముందు కొంచెం ఆశ్చర్యపోయి, తర్వాత నవ్వి తొమ్మిదో తరగతి కట్టలోంచి పైపైవి నాలుగు ఇచ్చింది.

ఆ నోట్సుల్లో ఒకటి నాకు ఇప్పటికీ కళ్లలో ఉంది. అట్ట నలిగి, పాత న్యూస్‌పేపర్ వేసిన నోట్సు. బహుపదుల లెక్క. పిల్ల నాలుగు మెట్లు రాసింది. మూడో మెట్టు దగ్గర ఎర్రసిరాతో ఒక చిన్న గీత, పక్కన "ఇక్కడిదాకా సరే. ఇక్కడ గుర్తు చూడు" అని రాసి ఉంది. జవాబు రాసి ఇవ్వలేదు. అడ్డంగా కొట్టెయ్యలేదు. కింద ఆ పిల్ల అదే లెక్క మళ్లీ చేసింది, ఈసారి సరిగ్గా వచ్చింది. దాని కింద ఒక టిక్కు, సంతకం, తారీఖు. అంతకుముందు చూసిన బడిలో ఇలాగే నోట్సు అడిగి చూశాను. అక్కడ ప్రతి పేజీకీ పైనుంచి కిందిదాకా ఒక పొడవాటి టిక్కు. తప్పు ఉన్న లెక్క మీదా అదే టిక్కు. ఒక నోట్సులో టీచరు పిల్లతో మాట్లాడుతోంది. ఇంకో నోట్సులో ఇన్‌స్పెక్షన్‌కు వచ్చేవాళ్లతో మాట్లాడుతోంది.

పది నిమిషాల్లో ఒక బడిని తెలుసుకోవాలంటే నేను ఫ్లెక్సీ చూడను, నోట్సు చూస్తాను. మీరూ అదే చెయ్యండి. మరీ మంచి విద్యార్థి నోట్సు కాదు, కట్ట మధ్యలోంచి ఒకటి తీయించుకోండి. తప్పు దగ్గర టీచరు ఏం చేసిందో చూడండి.

మూడో బడిలో మధ్యాహ్న భోజనం వేళకు వెళ్లాం. ఒక సారు పిల్లల పక్కన కూర్చుని తింటున్నారు. మాతో వచ్చిన పిల్లవాడు అక్కడ ఒక ఏడో తరగతి అబ్బాయితో మాటల్లో పడ్డాడు. నేను ఆ అబ్బాయిని అడిగాను, "గుట్ట కింద సమాధి ఎవరిది?" చటుక్కున చెప్పాడు, "మహ్ లఖా బాయి చందాది. ఉర్దూల కవిత్వం రాసింది. మా సోషల్ సార్ తీసుకపోయిండు." 1824లో కన్నుమూసిన ఆ కవయిత్రి తన తల్లి కోసం కట్టించిన చోటే తనూ నిద్రిస్తోంది, ఈ బడులన్నిటికీ నడిచి వెళ్లేంత దూరంలో. అక్కడికి పిల్లలను నడిపించుకుని వెళ్లడానికి ఏ జీవో అక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు. పాఠానికీ వీధికీ ముడి వేసే టీచరు ఒక్కరైనా ఉన్నారా అన్నది బడులను పోల్చేటప్పుడు నా దృష్టిలో పెద్ద కొలమానం. దీన్ని ఏ రిపోర్టు కార్డూ చూపించదు, పిల్లలను అడిగితేనే తెలుస్తుంది.

పిల్లలను అడగడం గురించి ఒక జాగ్రత్త. "మీ బడి బాగుంటుందా" అని అడిగితే "బాగుంటది" అనే అంటారు. "అర్థం కాకపోతే ఎవరిని అడుగుతావు?" అని అడగండి. వెంటనే ఒక సారు పేరో మేడమ్ పేరో వస్తే మంచి గుర్తు. "మా ఫ్రెండును" అన్నా పరవాలేదు. "ఎవరినీ అడగను" అంటే ఆగి ఆలోచించండి.

మీడియం సంగతి క్లుప్తంగా. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిషు మీడియం తెచ్చారు, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు. రెండు పేజీలూ చదివించే బడి దొరికితే అదృష్టం. దూరం సంగతి ఇంకా క్లుప్తం. ఈసీఐఎల్ రోడ్డు లాంటి రోడ్డు దాటాలా, పట్టాలు దాటాలా, ఆ దారిలో ఒకసారి బడి వదిలే వేళకు మీరు నడిచి చూడండి. రెండు శాతం ఎక్కువ ఫలితం కోసం రోజూ గంటన్నర ప్రయాణం పిల్లల ఆటను మింగేస్తుంది.

అమెరికాలో మనవాళ్లు ఈ పనిలో ఇంకా తలమునకలుగా ఉంటారు. జార్జియాలో ఫోర్సైత్ కౌంటీలోనో వర్జీనియాలో లౌడన్ కౌంటీలోనో ఇల్లు కొనే తెలుగు కుటుంబం ముందు చూసేది వంటగది కాదు, ఆ చిరునామాకు ఏ ప్రభుత్వ హైస్కూలు వస్తుందన్నది. అక్కడ మీ ఇల్లు ఏ హద్దులో ఉంటే ఆ బడే మీది. గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థ ఒకటి నుంచి పది దాకా ఇచ్చే రేటింగు కోసం తొమ్మిది ఉన్న వీధిలో లక్షల డాలర్లు ఎక్కువ పెట్టి కొంటారు, పక్క వీధిలో ఏడు అని వదిలేస్తారు. చాలాకాలం ఆ రేటింగు పరీక్ష మార్కుల మీదే నడిచింది. అంటే చాలావరకు ఆ వీధుల్లో ఎంత చదువుకున్న, ఎంత సంపాదించే తల్లిదండ్రులు ఉన్నారో చెప్పింది. 2017లో ఆ సంస్థే తన పద్ధతి మార్చి పిల్లల ఎదుగుదలను కూడా కలిపింది. 1966లోనే జేమ్స్ కోల్మన్ నాయకత్వంలో అమెరికా ప్రభుత్వం చేయించిన పెద్ద అధ్యయనం, మార్కుల తేడాల్లో బడి సౌకర్యాల కన్నా ఇంటి నేపథ్యం పాత్ర ఎక్కువని చెప్పింది. దానర్థం బడి ఏదైనా ఒకటేనని కాదు. బడిని వెతకడంలో పెట్టిన శ్రద్ధలో సగమైనా ఇంట్లో చదువుకునే గంట మీద పెట్టాలని నేను అర్థం చేసుకుంటాను. ఆ గంట మౌలాలిలోనూ దొరుకుతుంది.

ఇక నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది. మీరు బడులను ఎలా పోలుస్తున్నారో పిల్లవాడు పక్కన నిలబడి వింటున్నాడు. "ఆ బడి వేస్టు, ఈ బడి టాపు" అని మీరు ఇంట్లో అంటుంటే, రేపు తనకు మార్కులు తగ్గిన రోజున తనను తాను అదే మాట అనుకుంటాడు. ఆ మాట నేర్పింది మనమే. పక్కింటి అమ్మాయికి 540 వచ్చాయి, నీకెందుకు రాలేదు అన్న ప్రశ్నలో లోడు లేదు, ఎక్కుడు లేదు, మొదలే లేదు. దానికి పిల్లల దగ్గర జవాబు ఉండదు. జవాబు లేని ప్రశ్న రోజూ వింటే పిల్లలు అబద్ధమైనా నేర్చుకుంటారు, మౌనమైనా నేర్చుకుంటారు.

బదులుగా ఇలా చెయ్యండి. బడిలో చేరిన రోజే పిల్లవాడి చేత తెలుగు ఒక పేజీ, ఇంగ్లిషు ఒక పేజీ పైకి చదివించి ఫోన్లో రికార్డు చెయ్యండి. అయిదు లెక్కలు ఇచ్చి ఆ కాగితం దాచండి. దసరా సెలవులకు అవే మళ్లీ చేయించండి, సంక్రాంతికి మళ్లీ. రెండు రికార్డులూ పిల్లవాడికే వినిపించండి. తనను నిన్నటి తనతో పోల్చుకోవడం ఒకసారి రుచి మరిగిన పిల్లవాడు పక్కవాడి మార్కులు విని కుంగిపోడు, పక్కవాడి దగ్గరికి వెళ్లి "ఇదెట్ల చేసినవ్" అని అడుగుతాడు. ఇది పెద్దవాళ్లకూ పనిచేస్తుంది. ఉద్యోగంలో పక్క సీటువాడి జీతం లెక్కపెట్టేముందు, అయిదేళ్ల కిందట మీకు రాని పని ఇప్పుడు ఏది వస్తోందో ఒక కాగితం మీద రాసుకోండి.

ఒకసారి ఎంచుకున్నాక ఏడాది పాటు పోలిక ఆపేయండి. పిల్లవాడికి ప్రమాదమో అవమానమో ఉంటే వేరు, వెంటనే మార్చండి. అంతే తప్ప ప్రతి పరీక్షకీ "ఆ బడిలో వేసి ఉంటే" అనుకోవడం మొదలుపెడితే ఏ బడీ మంచిది కాదు. ఆ ఓపిక బడిలో పెట్టండి. 2024లో మన రాష్ట్రంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు, పొదుపు సంఘాల మహిళలూ తల్లులూ అందులో ఉంటారు. గడియ లేని తలుపు గురించి ఫోన్లో తిట్టుకోవడం కన్నా కమిటీ మీటింగులో లేచి చెప్పడం మేలు. లెక్కల సారు లేకపోతే నలుగురు తల్లులు కలిసి మండల విద్యాధికారికి కాగితం రాసి, రశీదు తీసుకోండి. బడి అనేది మనం ఎంచుకునే వస్తువులా మొదలై, మనం కూడా చెయ్యి వేసే పనిగా మారాలి.

మా వీధి ఆమె రెండో బడిని ఎంచుకుంది, పెచ్చులూడిన గోడల బడిని. నేను చెప్పలేదు. నోట్సులో ఏం రాసి ఉందో ఆమె చదవలేదు, చదువు రాదు. కానీ ఎర్రసిరా దగ్గర నా వేలు ఆగడం, కింద ఆ పిల్ల మళ్లీ చేసిన లెక్క ఆమె చూసింది. ఇంటికి వచ్చే దారిలో అంది, "ఆ టీచరమ్మకు ఓపికున్నదక్కా."

సెప్టెంబరులో ఒక సాయంత్రం వాళ్లింటి ముందు నుంచి వస్తుంటే పిల్లవాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో లెక్కల ఎఫ్ఏ పేపరు, ఇరవైకి పదకొండు. తల్లి పక్కన కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. ఎవరికి ఎక్కువ వచ్చాయని అడుగుతుందేమో అనుకుని నేను ఆగాను. ఆమె అడగలేదు. "పోయినసారి ఎంతొచ్చినయ్?" అంది. వాడు ఏడు అన్నాడు. "మరి ఈ ఎర్రగీత ఉన్న లెక్క ఎందుకు తప్పైంది? నాకు చెప్పు."

"నీకు తెల్వదమ్మా."

"తెల్వదు. నువ్వు చెప్తే ఇంట."

వాడు విసుగ్గానే మొదలుపెట్టాడు. సుద్దముక్కతో అరుగు మీద మొదటి మెట్టు రాశాడు, రెండోది రాశాడు, అది ఎందుకో తల్లికి చెప్పాడు. ఆమె కాయలు గిల్లుతూనే ఊ కొడుతోంది. మూడోది రాస్తూ ఆగిపోయాడు. కాసేపు దాన్నే చూశాడు.

"అరే, మైనస్ ఏసుడు మరిచిన" అని అరచేత్తో చెరిపి, మళ్లీ రాయడం మొదలుపెట్టాడు.